కొత్తగట్టు తృప్తిరేఖ

పన్నెండున్నరకి గీత తొంభై ఆరు దగ్గర ఉంది.

ఉందంటే కదలకుండా కూర్చుందని కాదు. పది సెకన్లకోసారి కుడివైపుకి ఒక చుక్క జరుగుతోంది. తొంభై ఆరు, తొంభై ఆరున్నర, మళ్లీ తొంభై ఆరు. కొత్తగట్టు శిబిరం భోజనాల షెడ్డులో గోడకి రెండు తలుపులంత తెర, తెర నిండా ఆకుపచ్చ గీత, దాని కింద పళ్లేలు పట్టుకుని వరసలో ఆరువందల నలభై మంది జనం. ఆ జనాన్ని చూడకుండా డాక్టర్ కాత్యాయని గీతనే చూస్తూ నిలబడింది. చూడదూ మరి! ఆ గీతని కనిపెట్టింది ఆవిడే కదా.

"పదకొండు శిబిరాల్లో మనదే ఫస్టు మేడమ్," అన్నాడు స్పెషల్ ఆఫీసర్ సన్యాసినాయుడు. తానే వండి వడ్డించినంత గర్వం ఆ గొంతులో. "మిగతావాళ్లు ఎనభై దాటడానికి నానా తంటాలూ పడుతున్నారు. మనం ఏడు వారాలుగా తొంభై దిగలేదు."

"అది ఎలాగో తెలుసుకుందామనే వచ్చాను. ఏం వండుతున్నారు ఇక్కడ?"

"అన్నం, పప్పుచారు. అందరూ వండేదే మేడమ్."

గరిట పట్టుకున్న వంటమనిషి అప్పలకొండ ఆ మాట విని తలెత్తి చూసింది. ఏదో అనబోయి, ఎందుకొచ్చిన గొడవ అనుకుందో ఏమో, మళ్లీ పప్పుచారు కలపడంలో పడింది.

ఇక్కడ కాసేపు కథ ఆపి ఆ యంత్రం సంగతి చెప్పుకోవాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. దాని పేరు తృప్తిరేఖ. చూడ్డానికి చేతికి కట్టుకునే పట్టీ, అంతే. పట్టీ లోపల గోరంత సెన్సార్. అది ఒంటి వేడినీ, నాడినీ, చెమటలో ఉప్పునీ, ఇంకో పద్నాలుగు సంగతుల్నీ పసిగట్టి ఒక అంకె చెబుతుంది. సున్నా అంటే కడుపు మాడుతోందని, వంద అంటే ఇంక మెతుకు పట్టదని. ఆ అంకె పది సెకన్లకోసారి రాజధానిలోని డేటాబేస్‌కి పోతుంది. డేటాబేస్ అంటే బ్రహ్మవిద్యేం కాదు, అంతులేని పట్టిక. ఫలానా మనిషి, ఫలానా క్షణం, ఫలానా అంకె, ఇదొక వరస. పది సెకన్లయ్యాక ఇంకో వరస. ఇక వెబ్ పేజీ పనల్లా ఆ డేటాబేస్‌ని పది సెకన్లకోసారి "కొత్తగా ఏమొచ్చాయి?" అని అడగడం, వచ్చిన అంకెల్ని చుక్కలుగా పెట్టి గీతగా కలపడం. రాష్ట్రంలో ఎవరైనా ఫోను తీసి ఆ పేజీ చూడొచ్చు. శిబిరం పేరు నొక్కితే శిబిరం గీత, మనిషి పేరు నొక్కితే మనిషి గీత.

దాపరికం లేని పాలన అంటే ఇదీ అని ప్రభుత్వం మురిసిపోయింది. సముద్రం లోపలికొచ్చి ఊళ్లు మింగేసిన ఏడాది నుంచీ శిబిరాలకి బియ్యం పంపేది ఆ గీతే. భోజనాల వేళ సగటు తొంభై దాటిందా, తిండి ఎక్కువైనట్టు, వచ్చేవారం బియ్యంలో ఇరవయ్యో వంతు కోత. డెబ్బై దిగిందా, అంతే పెంపు. మధ్యలో మనిషెవరూ వేలు పెట్టడానికి లేదు. కొత్తగట్టుకి మొదట్లో రోజుకి రెండువందల యాభై ఆరు కిలోలు వచ్చేవి. ఏడు కోతలు పడ్డాక నూట డెబ్బై తొమ్మిది వస్తున్నాయి. అయినా గీత దిగలేదు సరికదా, ఇంకా పైకి పాకింది. తక్కువ తిండితో ఎక్కువ తృప్తి! రాజధానిలో దీన్ని అద్భుతం అన్నారు. ఆ అద్భుతాన్ని కళ్లారా చూసి పేపరు రాద్దామని కాత్యాయని మొట్టమొదటిసారిగా ఒక శిబిరంలో అడుగు పెట్టింది.

వరసలో ఎక్కడో స్టీలు పళ్లెం కింద పడ్డ చప్పుడైంది. పళ్లెంతో పాటు మనిషి కూడా పడింది.

అప్పలకొండ గరిట వదిలేసి పరిగెత్తింది. కింద పడ్డది సూరాడ పోలమ్మ, అరవై దాటిన మనిషి. మొహాన నీళ్లు కొడితే కళ్లు తెరిచింది, తెరవగానే ముందు కొంగు సర్దుకుంది. కాత్యాయని పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకుంది. మణికట్టుకి కట్టిన పట్టీ మోచేతిదాకా జారిపోయి ఉంది.

"ఏమైందమ్మా? ఆకలేసి పడిపోయారా?"

"ఆకలేటి తల్లీ, కడుపు నిండిపోయున్నాది. ఎండకి కళ్లు తిరిగినాయి, అంతే."

కాత్యాయని ఫోనులో పేజీ తెరిచి పోలమ్మ పేరు నొక్కింది. తొంభై ఎనిమిది.

"చూశారా మేడమ్, ఆవిడే చెబుతోంది," అన్నాడు సన్యాసినాయుడు.

నోరు నిండిందంటోంది, గీత నిండిందంటోంది, ఒళ్లు మాత్రం నేల మీద పడి ఉంది. ఈ మూడింటిలో ఏదో అబద్ధమాడుతోంది. ఒళ్లు అబద్ధమాడదని తెలుసుకోవడానికి డాక్టరేట్ అక్కర్లేదు. కాత్యాయని లేచి వంటపాక వైపు నడిచింది.

"ఏం జరుగుతోంది ఇక్కడ?" అని అప్పలకొండని అడిగింది.

"ఇన్నాళ్లకి అడిగినావా? నన్నెవుడడిగినాడు ఇన్నాళ్లూ?" గంజి వారుస్తూ అంది అప్పలకొండ. "ఆల్ల మొకాలు సూడకు. ఆ గోడ మీద బొమ్మ అసలే సూడకు. సేతులు సూడు."

కాత్యాయని షెడ్డు గుమ్మంలో నిలబడి చేతులు చూసింది. యూనిఫారంలో ఉన్న వడ్డించేవాడు మొదటి గరిట వేశాడు. రెండో గరిట ఎత్తేలోపే పళ్లెం మీద చెయ్యి అడ్డం వచ్చింది. తర్వాతి మనిషికీ అంతే. ఆ తర్వాతి మనిషికీ అంతే. ఒకాయన కళ్లు అన్నం గిన్నె మీదే ఉన్నాయి, చెయ్యి మాత్రం పళ్లెం మీదికి వెళ్లిపోయింది. "చాలు బావూ, చాలు," అంటున్నారు ఒకరి తర్వాత ఒకరు.

"ఈల్లెవురనుకున్నావు?" వెనక నుంచి అప్పలకొండ. "పడవలున్నోళ్లు. పోలమ్మ గుమ్మంలోకొచ్చి ఉత్త సేతుల్తో ఎల్లినోడు లేడు. వేటకెల్లొచ్చిన రోజున నాలుగిళ్లకి సేపలు పంచినాకే తను కూరొండుకునీది. అలాటి మడిసి ముక్కూ మొకం తెలీనోడి ముందు పళ్లెం పట్టుకోవాల. అది ఊరూవాడా ఫోన్లో సూడాల. ఆవిడి వియ్యపురాలు రోజూ ఆ పేజీ తీసి సూస్తాదట. ఇంక రెండో గరిట ఏ మొకం పెట్టుకుని ఏయించుకుంటాది?"

కాత్యాయని అక్కడే ఉన్న కూరగాయల బుట్ట పక్కన చతికిలబడింది.

యంత్రానికి తనంతట తాను ఏదీ తెలీదు. పసిపిల్లకి ఇది కాకి, ఇది కోడి అని చూపించినట్టు, ఇది ఆకలి, ఇది తృప్తి అని ఎవరో ఒకరు చూపించి నేర్పాలి. మూడేళ్ల కిందట ఆ నేర్పడం ఇన్‌స్టిట్యూట్ హాల్లో జరిగింది. మూడువందల మంది వాలంటీర్లని పిలిచి, పట్టీలు కట్టి, అరిటాకులు వేసి విందు పెట్టారు. డైరెక్టరుగారు స్వయంగా పంచె ఎగ్గట్టి గరిట పట్టుకున్నారు. ఎవరైతే ఆకు మీద చెయ్యి అడ్డం పెడతారో, ఆ క్షణాన ఒళ్లు ఎలా ఉందో, అదే "కడుపు నిండిన ఒళ్లు" అని యంత్రానికి చెప్పారు. ఆ ఉపాయం కాత్యాయనిదే. నోటిమాటని నమ్మకూడదు, చెయ్యి అబద్ధమాడదు అని మీటింగులో పోట్లాడి మరీ ఒప్పించింది.

డైరెక్టరంతటివాడు ఎదురుగా నిలబడి, వెనక ఎవరెవరో పెద్దలు ఫొటోలు తీస్తూ, "ఇంకొంచెం పులిహోర?" అంటే ఎవరు వేయించుకుంటారండీ! కాత్యాయని కూడా పట్టీ కట్టుకుని వాళ్లతో పాటే కూర్చుంది. ఆవిడకి పులిహోరంటే ప్రాణం. అయినా రెండోసారికే చెయ్యి అడ్డం పెట్టేసింది. చెవులు వేడెక్కాయి, గుండె కాస్త గబగబా కొట్టుకుంది. పట్టీ అవన్నీ బుద్ధిగా రాసుకుంది.

అక్కడితో అయిపోతే తెలియక జరిగిన పొరపాటే అనుకోవచ్చు. అయిపోలేదు. నాలుగింటికి ఆవిడ క్యాంటీన్‌కి వెళ్లేసరికి వాలంటీర్లంతా అక్కడే ఉన్నారు. "విందు పెట్టారని విన్నానే! ఇదెక్కడి కరువండీ బాబూ, మూడో వాయి గారెలు కూడా అయిపోవచ్చాయి," అని క్యాంటీనతను లబోదిబోమన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. కాత్యాయని కూడా నవ్వింది. నాలుగు గారెలు తిని, మూతి తుడుచుకుని, మర్నాడు రిపోర్టు మీద సంతకం పెట్టింది.

అంటే తెలుసు. ఆ రోజే తెలుసు. తెలిసిన సంగతిని నవ్వులో కలిపేసి మింగేసింది. కొలిచింది కడుపుని కాదు, మొహమాటాన్ని. సిగ్గెంత ఎక్కువైతే గీత అంత పైకి పోతుంది, గీత పైకి పోయినకొద్దీ బియ్యం తగ్గుతాయి. తలవంచుకుని నిలబడ్డ మనుషుల నోటిముందు కూడు తన సంతకంతో లాగేసిందన్నమాట. ఆ మాట మనసులో అనుకోగానే ఆవిడకి తన మొహం తానే ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

సాయంత్రం ఆఫీసు గదిలో సన్యాసినాయుడు అంతా విన్నాడు. చెడ్డవాడేం కాదు, భయస్తుడు.

"మీరు చెబితే నేను నమ్ముతానండి. కానీ నేను నమ్మితే ఏం లాభం? నా ఉత్తరానికి బియ్యం కదలవు, మీ ఉత్తరానికీ కదలవు. గీత కదిలితేనే కదులుతాయి. రూలు మీరు రాయించిందే కదా మేడమ్."

"అయితే గీతలోనే చూపిస్తాను," అంది కాత్యాయని. "నేను చెప్పిందంతా రాసి, రేపు మధ్యాహ్నం ఆ పేజీ చూస్తూ ఉండమని రాజధానికి కబురు పెట్టండి. నాకూ ఒక పట్టీ ఇవ్వండి."

మర్నాడు మధ్యాహ్నానికి ఆవిడకి సరిగ్గా ఒక రోజు ఉపవాసం. గదిలో ఒక్కతే కూర్చుంటే గీత పదకొండు దగ్గర పడి ఉంది. ఎవరూ లేనప్పుడు సిగ్గెందుకు? పన్నెండున్నరకి షెడ్డులోకి నడిచింది. సన్యాసినాయుడు గోడ మీద శిబిరం గీత తీసేసి కాత్యాయని గీత పెట్టించాడు. ఆవిడ బల్ల ఎక్కి నిలబడేసరికి అది ముప్పై అయింది.

"నిన్న మధ్యాహ్నం నుంచి నేను ఎంగిలి పడలేదు," అని మొదలుపెట్టింది. "మీ చేతులకున్న పట్టీలు చేసింది నేను. అవి మీ ఆకలిని కొలవడం లేదు. పళ్లెం పట్టుకున్నప్పుడు మీకు కలిగే బిడియాన్ని కొలుస్తున్నాయి. అది చూసి మీ కడుపు నిండిందని మీ బియ్యం తగ్గించారు."

గీత అరవై దాటింది. జనం ఒకసారి ఆవిడని, ఒకసారి గోడని చూస్తున్నారు. పోలమ్మ స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. చెప్పకుండా దిగిపోవచ్చు కూడా, అరవై చాలు కదా అని లోపల ఎవరో అన్నట్టనిపించింది. కాత్యాయని కళ్లు దించుకుని క్యాంటీన్ సంగతి చెప్పింది. పులిహోర, గారెలు, నవ్వు, సంతకం, అన్నీ. "తెలిసి కూడా ఊరుకున్నాను. నాకు పేరు వస్తుందని ఊరుకున్నాను," అంది.

అందరి తలలూ గోడ వైపు తిరిగాయి. అప్పలకొండ గొంతు ఖంగుమంది.

"ఓలమ్మో! నిన్నటి నుంచీ తిననామెకి తొంభై ఏడంట!"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ వెనకే మరొకరు. చూస్తూ ఉండగానే ఆరువందల నలభై మందీ పొట్టలు పట్టుకుని నవ్వారు. బల్ల మీద ఒక్కతే నిలబడి ఆ నవ్వంతా నెత్తిన వేసుకుంది కాత్యాయని. గీత తొంభై తొమ్మిదికి వెళ్లి ఇక దిగలేదు.

మూడింటికి రాజధాని నుంచి జవాబు వచ్చింది. ప్రదర్శన చూశాము, పొరపాటు అర్థమైంది, యంత్రానికి కొత్తగా నేర్పడానికి ఆర్నెల్లు పడుతుంది, అంతవరకూ పాత రూలే. సన్యాసినాయుడు షెడ్డులోనే అది చదివి వినిపించి కాగితం మడిచేశాడు.

"ఆర్నెల్లా!" కాత్యాయనికి ఏడుపొచ్చింది. "ఆర్నెల్లకి వీళ్లలో ఎంతమంది మిగులుతారు?"

పోలమ్మ ఇంతసేపూ వింటోంది. "ఉండు తల్లీ, నాకు సరిగ్గా సెప్పు. మావు సిగ్గుపడితే బియ్యం తగ్గుతాయి. సిగ్గు మానీస్తే పెరుగుతాయి. అంతే కదా?"

"అంతే. కానీ సిగ్గు మానమంటే మానడం ఎవరి వల్ల అవుతుందమ్మా?"

"యూనిఫారం ఏసుకున్నోడెవుడో బొట్లెట్టినట్టు ఏస్తుంటే ఎలాగవుతాది? ఆ గరిట ఇలాగియ్యి," అని అప్పలకొండ చేతిలోంచి గరిట లాక్కుంది పోలమ్మ.

మర్నాటి నుంచి వరస లేదు. జనం ఇళ్లవారీగా గుండ్రంగా నేల మీద కూర్చున్నారు, తెరకి వీపు పెట్టి. మధ్యలో గిన్నె పట్టుకుని పోలమ్మ. కాత్యాయని ఫోనులో ఆవిడ పేరు నొక్కి చూస్తే పంతొమ్మిది! పెట్టే చెయ్యికి సిగ్గేముంది? రెండో రోజుకి ఇంకో పదిమంది ఆడవాళ్లు, నలుగురు మగవాళ్లు గరిటలు పట్టారు. వంతులు మార్చుకున్నారు. ఎవరైనా పళ్లెం మీద చెయ్యి పెట్టబోతే వేళ్ల మీద గరిటతో చిన్న దెబ్బ.

"తియ్యి సెయ్యి! పెద్ద జమీందారువి బయలుదేరినావు."

"ఎయ్యవే పిసినారిదానా, ఇంకో గరిట ఎయ్యి, నీ సొమ్మేటి పోయింది!"

శిబిరం గీత ఎనభై ఎనిమిది, డెబ్బై ఒకటి, యాభై. ఇంత ఇష్టంగా ఒక గీత పడిపోవడం కాత్యాయని ఎన్నడూ చూడలేదు. ఇన్‌స్టిట్యూట్‌కి సెలవు పెట్టేసి శిబిరంలోనే ఉండిపోయింది, పొద్దున్న కూరలు తరిగేది, మధ్యాహ్నం గిన్నెలు తోమేది. బియ్యం వారం వారం ఇరవయ్యో వంతు పెరుగుతూ వచ్చాయి. ఎనిమిదో వారానికి రెండువందల యాభై ఆరు కిలోలు దాటాయి. శిబిరం గీత ఇరవై రెండు దగ్గర హాయిగా పడుకుంది. పోలమ్మ పట్టీ మోచేతికి జారడం మానేసి మణికట్టు దగ్గరే ఆగుతోంది. ఇది చూసి కాత్యాయని చాలాకాలం తర్వాత తలెత్తి నాలుగు మాటలు మాట్లాడగలిగింది.

తొమ్మిదో వారం ఉత్తరం వచ్చింది. ఈసారి ఆవిడ పేరనే. సన్యాసినాయుడు తెచ్చి ఇచ్చి, కళ్లు కలపకుండా వెళ్లిపోయాడు.

ముందు అభినందనలు ఉన్నాయి. "తృప్తిరేఖ సిగ్గును ఎంత నిక్కచ్చిగా కొలుస్తుందో మీరు రాష్ట్రమంతా చూస్తుండగా నిరూపించారు. ఇంత కచ్చితమైన సాధనాన్ని మార్చవలసిన అవసరం లేదని నిపుణుల కమిటీ భావించింది. నిజంగా గతిలేనివారు చెయ్యి చాచేటప్పుడు సిగ్గుపడతారు. సిగ్గుపడనివారు ఊరికే వచ్చే తిండికి అలవాటు పడ్డవారని భావించవలసి ఉంటుంది. కావున వచ్చే సోమవారం నుంచి భోజనాల వేళ సగటు నలభైకి దిగువన ఉన్న శిబిరాలకు బియ్యం నిలిపివేయబడును." కింద జాబితా ఉంది. జాబితాలో ఒకటే పేరు, కొత్తగట్టు.

కాత్యాయని రెండుసార్లు చదివింది. ఆ బల్ల ఎక్కి తాను చెప్పిన ప్రతి మాటా ఈ కాగితంలో ఉంది. నిజం చెప్పి కడుక్కుందామనుకున్న తప్పు, నిజం చెప్పడం వల్లే రెట్టింపైంది. షెడ్డులో గోల గోలగా ఉంది, ఎవరో ఎవరినో తిండిపోతు అంటున్నారు, అందరూ నవ్వుతున్నారు. ఆ నవ్వుల మధ్యకి ఈ కాగితం పట్టుకుని ఎలా వెళ్లాలో తెలియక గుమ్మంలోనే ఆగిపోయింది.

పోలమ్మ చూసి, గరిట చేత్తోనే దగ్గరికొచ్చింది. "ఏటి తల్లీ, అలాగైపోనావు? ఏటి రాసినారు?"

చదివి వినిపించక తప్పలేదు. చదువుతున్నంతసేపూ కాత్యాయని కాగితం మీద నుంచి కళ్లు ఎత్తలేదు. వెనక షెడ్డులో గోల ఒక్కో గుంపులోనూ అణిగిపోయింది. పోలమ్మ మొహంలో కోపం ఉంటుందనుకుంది కాత్యాయని, కోపం ఉన్నా బాగుండేది. ఆవిడ నిజంగానే అడిగింది, పని ఎలా చెయ్యాలో తెలుసుకునేందుకు అడిగినట్టు.

"మరైతే మళ్లీ సిగ్గుపడమంటావా తల్లీ? ఆ గీతలో ఎందాకా పడాలో నువ్వే సెప్పు. అందాకా పడతాం."